సీటు చెప్పని బండి: అసెట్టో కోర్సాపై ఒక ఇన్నోవా డ్రైవర్ రివ్యూ

నాది జడ్చర్ల. పదిహేడేళ్లుగా కిరాయి బండి నడుపుతున్నాను. ముందు టవేరా, ఇప్పుడు ఇన్నోవా. నెలకు ఆరేడుసార్లు కల్వకుర్తి, మన్ననూరు మీదుగా శ్రీశైలం పోతాను. దోమలపెంట దాటాక డ్యాం దాకా దిగే ఘాట్‌లో ఏ మలుపుకు ఏ గేరు వేయాలో నా చేతికి తెలుసు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఈ గేమ్ గురించి మాట్లాడేవాళ్లలో ఎక్కువమందికి కంప్యూటర్ బాగా తెలుసు. నాకు బండి తెలుసు. అందుకే నాకు కనిపించినవి వేరే ఉన్నాయి, అవి రాస్తున్నాను.

గేమ్ పేరు అసెట్టో కోర్సా, కంప్యూటర్‌లో కార్లు నడిపే రేసు గేమ్. ఇటలీలో రోమ్ దగ్గర వల్లెలుంగా అనే రేస్ ట్రాక్ ఉంది. అక్కడే ఆఫీసు పెట్టుకున్న కునోస్ సిములాజియోని కంపెనీ దీన్ని తయారు చేసింది. 2014 డిసెంబర్‌లో పూర్తి గేమ్‌గా విడుదలైంది. ఇప్పటి గేమ్‌ల ముందు పాతదే. అయినా ఓ మోస్తరు కంప్యూటర్‌లో నడుస్తుంది, మాకు కుదిరింది అందుకే.

దీన్ని ఇంటికి తెచ్చింది మా అక్క కొడుకు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు, మా ఇంట్లోనే ఉంటాడు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది కదా, ఆ రోజు కిరాయి మానుకుని వాణ్ని తీసుకుపోయాను. 2.8 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. కరెంటు కార్లు కాబట్టి ఇంజన్ చప్పుడు ఉండదు, సన్నని ఈల లాంటి శబ్దం వస్తుంది. ఎన్టీఆర్ మార్గ్ మీద నేను ఎన్నోసార్లు బండి నడిపాను. అదే రోడ్డు మీద వాళ్లు అంత ఆలస్యంగా బ్రేకు వేసి కూడా మలుపు తిరిగిపోతుంటే నాకు అర్థం కాలేదు. తిరిగొచ్చేటప్పుడు షాద్‌నగర్ దాకా మా వాడు ఈ గేమ్ గురించే చెప్పాడు. "నువ్వైతే ఒక్క రోజులో నేర్చుకుంటావ్ మామా" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

మొదట కీబోర్డుతో ఆడాము. దయచేసి ఎవరూ అలా ఆడి ఈ గేమ్ మీద ఒక అభిప్రాయానికి రావద్దు. మీట నొక్కితే స్టీరింగ్ పూర్తిగా తిరుగుతుంది, వదిలితే నిటారుగా అవుతుంది. మధ్యలో ఏమీ ఉండదు. బండి నడపడమంటే ఆ మధ్యలో ఉండేదే. రెండు నెలలు డబ్బులు కూడబెట్టి, సెకండ్ హ్యాండ్‌లో ఒక స్టీరింగ్, మూడు పెడల్స్, గేరు రాడ్ తెచ్చుకున్నాము. 900 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఈ చివరి నుంచి ఆ చివరికి రెండున్నర చుట్లు. లోపల మోటారు ఉంటుంది. తెరలో టైరు మీద పడే బరువు ఆ మోటారు ద్వారా మన చేతికి వస్తుంది.

మొదటి రోజు అబార్త్ 500 అనే చిన్న కారు తీసుకున్నాను. ఇటలీలోని ఇమోలా ట్రాక్. రెండో మలుపుకే గడ్డిలో ఉన్నాను. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ గడ్డి. రాత్రి పదకొండు దాకా ఒక్క రౌండు కూడా శుభ్రంగా పూర్తి కాలేదు. పదిహేడేళ్లలో ఒక్క యాక్సిడెంట్ చేయని నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఎందుకిలా అవుతోందో తెలుసుకోవడానికి నెల పట్టింది. నిజమైన బండిలో జారుడు ముందు నడుముకు తెలుస్తుంది. చక్రం పట్టు వదిలేముందు సీటు కింద నుంచి బండి పక్కకు లాగినట్టు అనిపిస్తుంది. చేతికంటే ముందే ఒళ్లు సర్దుకుంటుంది. ఇక్కడ కూర్చున్నది ప్లాస్టిక్ కుర్చీ. అది ఏమీ చెప్పదు. చెప్పేవి రెండే: స్టీరింగ్, చెవి. ముందు టైర్లు పట్టు కోల్పోతుంటే స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికవుతుంది. నేను ఆ తేలికను చూసి "బండి తిరుగుతోంది" అనుకుని ఇంకా తిప్పేవాణ్ని. అది పూర్తిగా తప్పు. తేలికైతే కొంచెం వెనక్కి తిప్పాలి, అప్పుడు టైరుకు మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనక టైర్లు జారేముందు సన్నగా కీచుమంటాయి. ఆ కీచు ఏ మేరకు మంచిదో, ఎక్కడి నుంచి ప్రమాదమో చెవికి అలవాటు కావాలి. ఇది తెలిసిన రోజు నుంచి గేమ్ మారిపోయింది.

ఇంకో పెద్ద సంగతి బ్రేకు. ఘాట్‌లో మలుపు మధ్యలో చిన్నగా ఒకసారి బ్రేకు తగిలించే అలవాటు నాకుంది. ఉందని కూడా నాకు తెలియదు. గేమ్‌లో, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తీసేసి, వెనక చక్రాలతో నడిచే పాత బీఎండబ్ల్యూ ఎం3 నడుపుతున్నప్పుడు ప్రతిసారీ మలుపు మధ్యలోనే బండి గిర్రున తిరిగిపోయేది. మా వాడు రీప్లే పెట్టి, నేను పెడల్ నొక్కే గీతను చూపించాడు. మలుపు మధ్యలో ఒక చిన్న గుట్టలా లేచి ఉంది. అక్కడ బ్రేకు పడగానే బరువంతా ముందుకు పోతుంది, వెనక టైర్లు తేలికైపోతాయి. సరైన పద్ధతి ఏమిటంటే, నిటారుగా ఉన్నప్పుడే గట్టిగా వేసి, స్టీరింగ్ తిప్పుతున్నకొద్దీ బ్రేకును మెల్లగా వదులుతూ పోవాలి. వదిలే తీరులోనే పనితనమంతా ఉంది.

ఇది నా ఉద్యోగానికి పనికొచ్చింది. శ్రీశైలం పోయే కిరాయిలకు నేను డ్యాష్‌బోర్డులో నిమ్మకాయలు, ప్లాస్టిక్ కవర్ల కట్ట పెట్టుకుంటాను. ఘాట్ దిగేటప్పుడు పిల్లలకు, ముసలివాళ్లకు వాంతులు అవుతాయి. ఆ మధ్యలో బ్రేకు తగిలించడం మానేశాక కవర్ల కట్ట చాలా రోజులు వస్తోంది. స్పీడ్ పెంచలేదు, ఆ అడవి రోడ్డులో పెంచకూడదు కూడా. జింకలు అడ్డం వస్తాయి.

ఇక ఈ గేమ్ కొనడానికి అన్నిటికంటే పెద్ద కారణం చెబుతాను. జర్మనీలో ఉన్న నూర్బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ అనే ట్రాక్. 1927లో తెరిచారు. ఒక్క రౌండు 20.8 కిలోమీటర్లు, అంతా అడవి, కొండ ఎక్కడం, దిగడం. పై చోటికీ కింది చోటికీ మధ్య ఎత్తు తేడా దాదాపు 300 మీటర్లు. ఫార్ములా వన్ రేసర్ జాకీ స్టీవర్ట్ దీన్ని పచ్చని నరకం అన్నాడు. 1976లో ఇంకో రేసర్ నికి లాడా కారు ఇక్కడే మంటల్లో చిక్కుకుంది, ఆ తర్వాత ఫార్ములా వన్ ఈ ట్రాక్ మీద జరగలేదు. గేమ్ వాళ్లు ఈ రోడ్డును లేజర్‌తో కొలిచి తయారు చేశారు. దాంతో ప్రతి ఎత్తుపల్లం, ప్రతి అతుకు చేతికి తగులుతుంది.

నాకు ఇది ట్రాక్‌లా అనిపించదు, రోడ్డులా అనిపిస్తుంది. కల్వకుర్తి రోడ్డులో ఏ కల్వర్టు దగ్గర బండి ఎగురుతుందో నాకెలా తెలుసో, ఇక్కడ కూడా అలాగే తెలుసుకోవాలి. ఫుక్స్‌రోరె అని ఒక దిగుడు ఉంది, నక్క బొరియ అని అర్థం. పూర్తి స్పీడులో లోయలోకి దూకినట్టు దిగి, అడుగున బండి నేలకు అదిమినట్టయి, వెంటనే ఎదురెక్కుడు. ఆ ఎదురెక్కుడు పైన అడెనావర్ ఫోర్స్ట్. మలుపు కనిపించదు, కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. అక్కడ నేను గడ్డిలోకి పోయినన్నిసార్లు ఇంకెక్కడా పోలేదు. తర్వాత కరుసెల్ అనే గుండ్రటి మలుపు. లోపలివైపు కాంక్రీటు పలకలు వాలుగా పరిచి ఉంటాయి. ఎడమ చక్రాలు అందులోకి దించితే స్టీరింగ్ చేతిలో టకటకా కొట్టుకుంటుంది. మొదటిసారి బయటికి తీసినప్పుడు నా అరచేతులు చెమటతో తడిసిపోయాయి.

మొదటి పూర్తి రౌండుకు 12 నిమిషాల 40 సెకన్లు పట్టింది. కుర్చీలోంచి లేచి బయటికెళ్లి నీళ్లు తాగి వచ్చాను. మా ఇంటావిడ చూసి "ఏమైంది, ఎక్కడన్నా తగిలిందా" అని కంగారుపడింది.

విసిగించే సంగతులు కూడా ఉన్నాయి. ఈ గేమ్‌లో అధికారికంగా వాన లేదు, రాత్రి లేదు. బయటివాళ్లు చేసిన మాడ్‌లు, అంటే గేమ్‌కు తగిలించే అదనపు ఫైళ్లు వేసుకుంటే రెండూ వస్తాయి కానీ, వాటిని సరిగా పెట్టుకోవడానికి మా వాడికే రెండు ఆదివారాలు పట్టింది. నాలాంటివాడు ఒంటరిగా చేయలేడు. మెనూలు గజిబిజిగా ఉంటాయి. కెరీర్ అనే భాగం ఉంది, అందులో ప్రాణం లేదు. నేను నాలుగు రేసులు ఆడి వదిలేశాను. కంప్యూటర్ నడిపే కార్లు తమ గీత మీద తాము పోతుంటాయి, పక్కన మనం ఉన్నామన్న గమనింపు తక్కువ. మన ఇండియా ట్రాక్‌లు గేమ్‌తో పాటు రావు. 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ జరిగిన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ట్రాక్ కూడా లేదు, అది చూసి బాధేసింది.

ఆన్‌లైన్ సంగతి ఇంకా కష్టం. ఇరవైమంది బయలుదేరితే మొదటి మలుపులోనే సగం మంది గుద్దుకుంటారు. అరగంట ప్రాక్టీస్ చేసి, బుద్ధిగా బ్రేకు వేస్తే, వెనక నుంచి ఎవరో వచ్చి కొట్టేస్తాడు. రోడ్డు మీద అలా చేస్తే ఏమవుతుందో వాళ్లకు తెలియదేమో. నేను ఇప్పుడు ఆన్‌లైన్‌కు పోవడం మానేశాను. ఒంటరిగా, గడియారంతో పోటీ పడటంలోనే ఈ గేమ్ రుచి ఉంది.

సామాన్ల గోల వేరే. గేమ్‌లోని చాలా కార్లకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, కాబట్టి గేరు కుడి చేత్తో వేయాలి. నా చేయి ఒప్పుకోలేదు. చివరికి గేరు రాడ్‌ను బల్లకు ఎడమవైపు బిగించుకున్నాను. కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చుంటే బ్రేకు తొక్కగానే వెనక్కి జారిపోతాం. అందుకే ప్లాస్టిక్ కుర్చీని గోడకు ఆనించాను, పెడల్స్ వెనక ఒక ఇటుక పెట్టాను. మేము కొన్న పెడల్స్‌లో బ్రేకుది దానంతటదే పడుతుండేది. విప్పి చూస్తే లోపల దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టాక బాగైంది. పాతవి కొనేవాళ్లు కొనేముందు పెడల్ మెల్లగా నొక్కుతూ తెర మీద గీత వణుకుతోందో లేదో చూసుకోండి.

కరెంటు కూడా చూసుకోవాలి. ఒక రాత్రి నార్డ్‌ష్లైఫలో జీవితంలో ఎప్పుడూ లేనంత బాగా నడిపాను. అన్ని మలుపులూ దాటి, చివరి పొడుగు రోడ్డు డోటింగర్ హోహె మీదికి వచ్చాను. ఇక తప్పు జరగడానికి ఏమీ లేదు, యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే చాలు. అప్పుడే కరెంటు పోయింది. చీకట్లో స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. మర్నాడు యూపీఎస్ కొన్నాము.

కొనేవాళ్లకు నా మాట. స్టీరింగ్ కొనే ఆలోచన లేకపోతే ఈ గేమ్ జోలికి పోవద్దు. ఉంటే, అదనపు కార్లు, ట్రాక్‌లు అన్నీ కలిపి ఇచ్చే అల్టిమేట్ ఎడిషన్‌ను సేల్ పడినప్పుడు తీసుకోండి. నార్డ్‌ష్లైఫ విడిగా కొనాల్సిన భాగంలో ఉంటుంది, అది లేకుండా తీసుకుంటే సగమే కొన్నట్టు. వాన, రాత్రి కావాలనుకుంటే ఇదే కంపెనీ 2019లో తెచ్చిన అసెట్టో కోర్సా కాంపిటిజియోనె అనే గేమ్ ఉంది, కానీ అందులో రేసు కార్లే ఉంటాయి, మామూలు రోడ్డు కార్లు దొరకవు. నాకు రోడ్డు కార్లే కావాలి. ఆడాక వెంటనే బండి తాళం చేతికి తీసుకోవద్దు, ఒక అరగంట ఆగండి. మా వాడికి ఇంకా లైసెన్స్ రాలేదు, వాడికి ఇది రోజూ చెబుతాను.

ఎం3తో వాడి టైం 8 నిమిషాల 58 సెకన్లు. నాది 9 నిమిషాల 14. అడెనావర్ ఫోర్స్ట్ దగ్గరే నాకు నాలుగు సెకన్లు పోతున్నాయి, వాడి రీప్లే పక్కన పెట్టి చూశాను. వాడు నాకంటే ముందే బ్రేకు వేస్తున్నాడు. ఈ ఆదివారం కిరాయి లేదు.