నంది కొండలా, నాసిక్కా? చిత్తూరు నుంచి రెండు ద్రాక్ష యాత్రలు

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి తోతాపురి సీజన్ అయ్యేదాకా సెలవు మాట ఎత్తే వీల్లేదు. అందుకే మొదటిసారి బెంగళూరు దగ్గరి నంది కొండల వైపు ద్రాక్షతోటలకు ఆగస్టులో వెళ్ళాం. తప్పు అక్కడే జరిగింది. తోటంతా ఆకులే, వెతికినా ఒక్క గుత్తి లేదు.

మన దేశంలో వైన్ ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్ ప్రాంతంలో ఒకటి, వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకొకటి. ఆ రెండో కత్తిరింపు తర్వాత వచ్చిన కాయనే జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. నందికైనా నాసిక్‌కైనా దాదాపు ఇదే లెక్క. కాబట్టి ఏ ఊరో తర్వాత, ముందు ఏ నెలలో వెళ్తారో తేల్చుకోండి.

నందికి మాకు దారి సులువు. పలమనేరులో ఇడ్లీ తిని ముళబాగిలు, కోలారు దాటితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. దొడ్డబళ్ళాపుర దగ్గరున్న గ్రోవర్ తోటను కన్వల్ గ్రోవర్ 1988లో ఫ్రెంచి ద్రాక్ష రకాలతో మొదలుపెట్టాడు. ముందుగా బుక్ చేసుకుంటే తోట, స్టీలు ట్యాంకులు, ఓక్ పీపాలు తిప్పి చూపిస్తారు. ట్యాంకుల దగ్గర నాకు కాళ్ళు కదల్లేదు. మాకు తోతాపురి గుజ్జు 14–16 బ్రిక్స్ (తీపిని కొలిచే లెక్క) ఉంటే చాలు. వైన్ ద్రాక్షను 22–24 దాకా పండనిచ్చి కోస్తారు. ఆ తీపిని ఈస్టు తింటేనే ఆల్కహాలు తయారవుతుంది. అంత తీపి పండు నుంచి తీపి లేని వైన్ ఎలా వస్తుందో నాకు అక్కడే అర్థమైంది.

ఎర్ర వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు, అందుకే ఆ వగరు. తిరుపతి నుంచి వచ్చిన మా బావమరిది కాబెర్నే అనే ఎర్ర వైన్ ఒక గుక్క తాగి, "బావా, పచ్చి నేరేడుకాయ నమిలినట్టుంది" అన్నాడు. గైడు చెప్పిన వర్ణనలన్నిటికంటే ఇదే సరిగ్గా కుదిరింది.

బస మాత్రం నిరాశ. ఫొటోల్లో తోట పక్కన గది అని చూపించిన రిసార్టులో మా కిటికీ ఎదురుగా జనరేటరు షెడ్డు. రాత్రి తొమ్మిదిన్నరకే వంటగది మూసేశారు. తెల్లవారుజామున 1,478 మీటర్ల నంది కొండెక్కితే పొగమంచు తప్ప ఏమీ కనబడలేదు. మా ఆవిడ వైన్ ముట్టదు. ఆమెకు నచ్చింది కొండ కింద ఉన్న భోగనందీశ్వరాలయం, అక్కడి కోనేరు. ఆ రెండింటి కోసమైనా మళ్ళీ రావచ్చంది.

నాసిక్‌కు ఫిబ్రవరిలో వెళ్ళాం. తిరుపతి నుంచి షిర్డీకి వారానికోసారి రైలుంది, ఒక రోజుకు పైగా ప్రయాణం. ఇంట్లో పెద్దవాళ్ళకు షిర్డీ అనే చెప్పాం, అబద్ధం కాదు కదా! దర్శనం చేసుకుని అక్కణ్ణుంచి కారులో నాసిక్ చేరాం, 90 కిలోమీటర్లు.

నాసిక్ గొప్పతనం తోటలు దగ్గర దగ్గరగా ఉండటం. గంగాపూర్ డ్యామ్ దగ్గర సులా, దాని పొరుగునే యార్క్, దిండోరి వైపు షాండన్. సులా స్థాపకుడు రాజీవ్ సామంత్ మొదటి వైన్ బయటికి తెచ్చింది 2000లో. తర్వాత అయిదేళ్ళకు తోటలోనే రుచి చూసే గది తెరిచారు. నాసిక్ వైన్ పర్యాటకం అక్కణ్ణుంచే ఊపందుకుంది. మేం వెళ్ళినప్పుడు కోత నడుస్తోంది. ఒక తోటలో గుత్తి తెంపి చేతిలో పెట్టారు. చిన్న కాయ, మందపు తొక్క, నోటినిండా గింజలు. మార్కెట్లో కొనే ద్రాక్షకూ దీనికీ పోలికే లేదు. సావిన్యోఁ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో అప్పుడే కోసిన క్యాప్సికం వాసన వచ్చింది. షెనిన్ బ్లాంక్ కొంచెం తియ్యగా ఉంది, కొత్తవాళ్ళు దాంతో మొదలుపెట్టడం మేలు.

గది తోట మధ్యలోనే తీసుకున్నాం. బుధ, గురువారాలు కాబట్టి అద్దె తగ్గింది, నిశ్శబ్దంగా కూడా ఉంది. శనివారం ఒక వైనరీకి వెళ్తే గ్లాసు చేతికి రావడానికి గంట పట్టింది, డీజే మోతకు మాటలు వినబడలేదు. మూడు చోట్లకని మాట్లాడుకున్న టాక్సీవాడు మూడో చోట 'వెయిటింగ్' అని ఎక్కువ అడిగాడు. గంటల లెక్క ముందే మాట్లాడుకోండి.

చివరి రోజు త్ర్యంబకేశ్వరం వెళ్ళాం. గోదావరి పుట్టేది అక్కడే, పెన్న పుట్టేది నంది కొండల్లో. రెండు చోట్లా ఎత్తు వల్ల రాత్రిళ్ళు చల్లబడతాయి, ద్రాక్షకు కావలసింది కూడా అదే.

రెండు రోజుల సెలవుకు నాసిక్ పెట్టుకుంటే రైల్లోనే గడిచిపోతుంది. అయిదారు రోజులుంటే, పైగా తాగనివాళ్ళు వెంట ఉంటే, నాసిక్కే. డ్యామ్ గట్టున సాయంత్రం, పొద్దున మిసళ్ పావ్, రెండు పుణ్యక్షేత్రాలు, ఎవరికీ విసుగు రాదు. ఎర్ర వైన్ ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే నా ఓటు నందికి.

సీసాలు మాత్రం రెండుసార్లూ తేలేదు. సరిహద్దు చెక్‌పోస్టు టెన్షన్ ఒకటి. పైగా నందికి వెళ్ళింది బావమరిది కారులో, ఆ తర్వాతి వారం అదే కారు తిరుమల ఎక్కాలి. అలిపిరి తనిఖీలో డిక్కీలోంచి సీసా బయటపడితే ఏం చెప్పుకుంటాం?

వచ్చే ఫిబ్రవరిలో మళ్ళీ నందికే, రెండు రాత్రులు. ఈసారి బండి ఎవరు నడుపుతారో ఇప్పుడే తేల్చమని బావమరిది పట్టుబడుతున్నాడు.