ఎడమ క్రాంక్ పవర్ మీటర్: మూడు సీజన్లు వాడాక, ముఖ్యంగా జీరో గురించి

సైకిల్ తొక్కే శక్తిని వాట్స్‌లో కొలిచే ఈ పవర్ మీటర్ మీద నాకున్న కోపమంతా ఒక్క చోటే ఉంది: జీరో ఆఫ్‌సెట్, అంటే బరువేమీ లేనప్పుడు మీటర్ సున్నాగా తీసుకునే కొలత. మూడు సీజన్లు ఎండలోనూ వానలోనూ, ఇంటర్వెల్స్‌కీ (కాసేపు గట్టిగా, కాసేపు తేలిగ్గా తొక్కే సాధన) రేసులకీ వాడాక మిగతా లోపాలన్నీ సర్దుకుపోగలిగినవే అనిపిస్తున్నాయి. ఇదొక్కటి మాత్రం ఎనిమిది వారాల ట్రైనింగ్ బ్లాక్‌ని మింగేసింది. ఎడమ క్రాంక్‌కి (పెడల్‌ని ఇరుసుతో కలిపే కడ్డీకి) స్ట్రెయిన్ గేజ్, అంటే లోహం ఎంత వంగుతోందో కొలిచే పలక, అతికించి, అక్కడ వచ్చిన టార్క్‌ని (తిప్పే బలాన్ని) రెండింతలు చేసి చూపించే రకం ఇది. బరువెంతో, ఏ హెడ్ యూనిట్‌తో (హ్యాండిల్ మీది తెరతో) కలుస్తుందో అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను. కంపెనీ పేరూ రాయడం లేదు, ఈ తరహా మీటర్లన్నిటికీ పనికొచ్చే మాటలే ఇవి.

ముందు లెక్క చూడండి, కోపం ఎందుకో అర్థమవుతుంది. 90 ఆర్‌పీఎం (నిమిషానికి పెడల్ చుట్లు) దగ్గర 1 న్యూటన్ మీటర్ టార్క్ అంటే 9.4 వాట్స్. మీటర్ ఎడమ కాలిని రెండుతో గుణిస్తుంది కాబట్టి జీరోలో ఉన్న తప్పునూ రెండుతో గుణిస్తుంది. అంటే జీరో 1 న్యూటన్ మీటర్ పక్కకి జరిగితే తెర మీద దాదాపు 19 వాట్స్ తేడా. కేడెన్స్, అంటే పెడల్ తిప్పే వేగం, మారకపోతే, 120 వాట్స్‌తో తీరిగ్గా తొక్కినా 300తో ఇంటర్వెల్ తొక్కినా అదే 19. డబ్బా మీద రాసిన ‘2 శాతం లోపు’ అనే హామీకీ దీనికీ సంబంధం లేదు. ఆ హామీ జీరో సరిగ్గా ఉన్నప్పటి మాట. ఇంకో సంగతి, ఈ తప్పు కేడెన్స్‌తో పాటు పెరుగుతుంది. 60 ఆర్‌పీఎంతో ఘాట్ ఎక్కుతుంటే అదే తేడా 12.6 వాట్స్ అవుతుంది, 100 ఆర్‌పీఎంతో చదును రోడ్డు మీద టైమ్ ట్రయల్ (ఒంటరిగా గడియారంతో పోటీ) తొక్కుతుంటే 21 అవుతుంది. ‘కొండ మీద బాగున్నాను, చదును మీద రోజుకోలా ఉంటున్నాను’ అని అనిపిస్తే కాళ్లని అనుమానించే ముందు జీరోని అనుమానించండి.

నా యూనిట్‌లో జరిగింది ఇది. బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు తిరిగే బేరింగుల భాగం) మార్చడానికి క్రాంక్ తీసి మళ్లీ బిగించాల్సి వచ్చింది. క్రాంక్‌ని ఇరుసుకి పట్టి ఉంచే రెండు పించ్ బోల్టుల్లో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగిసింది. ఏప్రిల్ నెల. రాత్రంతా ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గరున్న బైక్‌కి అక్కడే జీరో చేసి, హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సర్వీస్ రోడ్డు మీద 20 నిమిషాల టెస్ట్ మొదలుపెట్టేసరికి హెడ్ యూనిట్ 31 డిగ్రీలు చూపిస్తోంది. మీటర్‌లో ఉష్ణోగ్రత సవరణ ఉంది నిజమే. కానీ అది గేజ్ మామూలు వేడికి స్పందించే తీరుని సవరిస్తుందే తప్ప, ఇంకా కుదురుకోని క్రాంక్‌లో మిగిలిన ఒత్తిడిని కాదు. సగటు 272 వచ్చింది. దాన్ని 0.95తో గుణిస్తే ఎఫ్‌టీపీ, అంటే దాదాపు గంటసేపు నిలబెట్టుకోగల వాట్స్, 258. ఆరు వారాల్లో 13 వాట్స్ పెరిగిందంటే ఎవరు కాదనుకుంటారు? నిజానికి జీరో 0.7 న్యూటన్ మీటర్ పక్కకి జరిగింది. 92 ఆర్‌పీఎం దగ్గర అది 13 వాట్స్. అసలు సగటు 259 దగ్గర, అసలు ఎఫ్‌టీపీ 245. పెరిగింది ఏమీ లేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. నాలుగు రైడ్లు పడేసరికి క్రాంక్ కుదురుకుంది, మీటర్ సరైన వాట్స్ చూపించడం మొదలుపెట్టింది. ఎఫ్‌టీపీ శాతాలతో పెట్టుకునే శ్రమ జోన్లు మాత్రం 258 దగ్గరే ఉండిపోయాయి. 4×8 నిమిషాల (ఎనిమిదేసి నిమిషాలు, నాలుగు సార్లు) ఇంటర్వెల్స్‌ని 105 శాతం దగ్గర పెడితే 271 వాట్స్. 245 ఉన్నవాడికి అది దాదాపు 111 శాతం. రెండు ఇంటర్వెల్స్ పూర్తవుతాయి, మూడోది ఐదో నిమిషంలో విరుగుతుంది, నాలుగోది మొదలే అవదు. స్వీట్ స్పాట్ (ఎఫ్‌టీపీకి కొంచెం కింది శ్రమ) అనుకుని 90 శాతం పెట్టిన 232 వాట్స్ నిజానికి 95 శాతం. అంటే తేలిగ్గా ఉండాల్సిన రోజు కూడా థ్రెషోల్డ్ (ఎఫ్‌టీపీ స్థాయి) అంచున గడిచిపోతుంది. వారానికి రెండు గట్టి రోజులు అనుకున్నది నాలుగైంది. మొదట ఎండని తిట్టుకున్నాను, తర్వాత నిద్రని, తర్వాత తిండిని. టైమ్ ట్రయల్‌ని 255తో మొదలుపెట్టి పదిహేనో నిమిషానికి ఇంజిన్ ఆరిపోయినప్పుడు గానీ పాత ఫైళ్లు తెరవలేదు.

దొరికింది కూడా గట్టి ఇంటర్వెల్ ఫైల్‌లో కాదు, రికవరీ రైడ్ ఫైల్‌లో. 13 వాట్స్ తేడా 270లో 5 శాతం కూడా కాదు, ఎండ, అలసట, గాలి దాన్ని కప్పేస్తాయి. 130లో అదే 10 శాతం, దాక్కోలేదు. ఒకే గుండె వేగం, ఒకే రోడ్డు, ఒకే కేడెన్స్ ఉన్న తేలిక రైడ్లని పక్కపక్కన పెడితే క్రాంక్ బిగించిన వారం మాత్రమే మెట్టులా పైకి లేచి కనిపించింది. కాబట్టి వారానికి ఒక తేలిక రైడ్‌ని ఎప్పుడూ ఒకే దారిలో తొక్కండి. మీటర్ ఆరోగ్యం చూసుకోవడానికి అంతకన్నా చవకైన పరికరం లేదు.

ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి. షిమానో హాలోటెక్ 2 క్రాంక్ అయితే ముందు క్రాంక్ పక్కకి ఊగకుండా పట్టే ప్రీలోడ్ క్యాప్‌ని 0.7 నుంచి 1.5 న్యూటన్ మీటర్లకి, అంటే వేళ్లతో తిప్పే చిన్న టూల్‌తోనే. ఆ తర్వాత పించ్ బోల్టులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి, కొంచెం కొంచెంగా, టార్క్ రెంచ్‌తో 12 నుంచి 14 వరకు. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే మొదటిది మళ్లీ వదులవుతుంది. నా యూనిట్‌లో జరిగింది అదే. బిగించాక లేచి నిలబడి నాలుగైదు స్ప్రింట్లు గట్టిగా కొట్టాలి, మళ్లీ బోల్టులు చూడాలి, అప్పుడు జీరో. క్రాంక్ తీసిన తర్వాత మొదటి మూడు రైడ్ల వాట్స్‌ని బట్టి ఏ జోనూ మార్చకూడదు. టెస్ట్ అసలే వద్దు.

రోజువారీ జీరో ఇంట్లో వద్దు. రోడ్డెక్కి 15-20 నిమిషాలు వార్మప్ అయ్యాక, మొదటి ఇంటర్వెల్‌కి ముందు ఆగి చేయాలి. రెండు కాళ్లూ పెడల్స్ మీద నుంచి తీసేసి, బైక్ నిటారుగా పట్టుకుని, ఎడమ క్రాంక్ కిందికి, గడియారంలో ఆరు గంటల చోట ఉంచి. పెడల్ ఫుట్‌పాత్ అంచుకి ఆనుకుని ఉంటే ఆ ఆనినంత బరువూ జీరోగా నమోదైపోతుంది, చూసుకోవాలి. తెర మీద వచ్చే అంకెని ఓకే కొట్టేసి మర్చిపోకుండా ఫోన్‌లో రాసుకోండి. ఒక్కో కంపెనీ ఆ అంకెని ఒక్కోలా చూపిస్తుంది, అసలు విలువ ముఖ్యం కాదు, ఎంత కదిలిందన్నదే ముఖ్యం. నాది మామూలుగా రోజుకి పది లోపే కదులుతుంది. ముప్పై దాటితే ఇంకో ఐదు నిమిషాలు తొక్కి మళ్లీ చేస్తాను. అప్పటికీ తగ్గకపోతే ఆ రోజు ఇంటర్వెల్స్‌ని వాట్స్‌తో కాకుండా శ్రమ అంచనాతో పూర్తి చేయడమే మంచిది.

జీరో సరిగ్గా ఉన్నా స్కేల్ సరిగ్గా ఉందో లేదో చూడాలంటే బరువు వేలాడదీయాలి. జిమ్ ప్లేట్ల మీద రాసిన బరువుని నమ్మకండి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్‌ని కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, తాడుతో కలిపి సరిగ్గా 20 కిలోలు వచ్చేలా నీళ్లు తీయండి. వెనక చక్రం బ్రేక్ కట్టేసి, ఎడమ క్రాంక్‌ని ముందుకి, నేలకి సమాంతరంగా పెట్టి, తాడుని పెడల్ ఇరుసు దగ్గర వేలాడదీయాలి. 172.5 మిల్లీమీటర్ల క్రాంక్‌కి యాప్‌లో 33.8 న్యూటన్ మీటర్లు రావాలి. 33.2 నుంచి 34.5 మధ్య ఉంటే గొడవ లేదు. అంకె వెంటనే కుదురుకోకపోతే క్యాన్ ఊగుతోందని అర్థం. క్రాంక్ పొడవు సెట్టింగ్‌ని కూడా అప్పుడే చూసుకోండి. 170 క్రాంక్‌కి 172.5 అని పెడితే ప్రతి అంకె ఒకటిన్నర శాతం ఎక్కువ చూపిస్తుంది. ఈ తప్పు రోజూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఇంటర్వెల్స్‌కి నష్టం లేదు. పక్కవాడితో పోల్చుకున్నప్పుడే గొడవ.

మొదటి సీజన్ చివర్లో ‘ఒక కాలి కొలత చాలు’ అని గట్టిగా చెప్పినవాణ్ణి. ఇప్పుడు ఆ మాటని కొంచెం తగ్గించుకోవాలి. డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్ (వెనక చక్రం తీసి బైక్‌ని తగిలించి ఇంట్లో తొక్కే, తనూ వాట్స్ కొలిచే యంత్రం) మీద ట్రైనర్, క్రాంక్ రెండూ కలిపి రికార్డ్ చేస్తే విషయం బయటపడింది. 160 వాట్స్ దగ్గర క్రాంక్ 165 చూపిస్తుంది, అది సహజం, చైన్‌లో కొంత పోతుంది, ట్రైనర్ దాకా చేరేది తక్కువే. కానీ ట్రైనర్ 300 చూపించే నాలుగు నిమిషాల ఇంటర్వెల్ చివర్లో క్రాంక్ 294 అంటుంది. చైన్ దాటి వచ్చిన శక్తి క్రాంక్ దగ్గరున్న శక్తి కన్నా ఎక్కువ ఉండదు కదా. అంటే గట్టిగా తొక్కేటప్పుడు ఎడమ కాలి వాటా సగం కన్నా తక్కువవుతోంది, మీటర్ ఆ తగ్గినదాన్నే రెండింతలు చేస్తోంది. థ్రెషోల్డ్ దాకా నా అంకెలు నమ్మదగినవే. థ్రెషోల్డ్ దాటి తొక్కే వీఓ2 మ్యాక్స్ ఇంటర్వెల్స్‌లో 3-4 శాతం తక్కువ చెబుతున్నాయని తెలుసుకుని వాడుతున్నాను. మీ కాళ్ల లెక్క వేరుగా ఉండొచ్చు, తిరగబడి కూడా ఉండొచ్చు. ఒకసారి ట్రైనర్‌తో పోల్చుకోకుండా తెలియదు.

చిన్న ఇంటర్వెల్స్‌లో ఇంకో చిక్కు. నార్వే పరిశోధకుడు బెంట్ రోన్నెస్టాడ్ పరిశోధనలతో పేరొచ్చిన 30/15 పద్ధతి ఉంది కదా, 30 సెకన్లు గట్టిగా, 15 సెకన్లు సగం వాట్స్‌తో, అలా 13 సార్లు ఒక సెట్, మూడు నిమిషాల విరామంతో మూడు సెట్లు. క్రాంక్ ఒక చుట్టు తిరిగితేనే ఈ మీటర్ కొత్త విలువ పంపిస్తుంది. కాళ్లు ఆపేస్తే పాత విలువ రెండు మూడు సెకన్లు తెర మీద అలాగే వేలాడుతుంది. 15 సెకన్ల విరామంలో మూడు సెకన్లు 330 అని నమోదైతే సగటు అబద్ధం అవుతుంది. కాబట్టి విరామంలోనూ కాళ్లు ఆపకుండా తేలిక గేర్‌లో తిప్పుతూ ఉండాలి. ఆ పద్ధతి కోరేదీ అదే. తెర మీద తక్షణ వాట్స్ తీసేసి ల్యాప్ సగటు, ల్యాప్ సమయం రెండే పెట్టుకుంటే మొదటి పది సెకన్లలో ఎగబడి తొక్కడం కూడా తగ్గుతుంది. 2023లో తెరిచిన, పైన సోలార్ పలకలున్న 23 కిలోమీటర్ల ఓఆర్‌ఆర్ సైకిల్ ట్రాక్ మీద వీటిని తొక్కొచ్చు. 4×8కి మాత్రం తెల్లవారకముందే వెళ్లాలి, ఆ తర్వాత నడిచేవాళ్లు, పిల్లలు వచ్చేస్తారు, ఎనిమిది నిమిషాలు ఆగకుండా దొరకవు.

బ్యాటరీ గురించి ఒక్క మాట. ఇంటర్వెల్ మధ్యలో వాట్స్ సున్నాకి పడి, రెండు సెకన్ల తర్వాత తిరిగి వస్తే అందరూ సిగ్నల్‌ని తిడతారు. వానాకాలమైతే ముందు మూత కింద ఓ-రింగ్ చూడాలి, తడి కనిపిస్తే పొడి గుడ్డతో తుడిచి, రింగ్‌కి సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. గ్రీజు కరెంట్ అందుకునే లోహపు కాంటాక్ట్‌కి అంటకూడదు. మూడో సీజన్‌లో వచ్చిన సమస్యకి మాత్రం నీళ్లు కారణం కాదు. పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన సీఆర్2032 సెల్స్ (మీటర్‌లో వేసే బిళ్ల బ్యాటరీలు) వస్తున్నాయి, ఆ పూత కాంటాక్ట్ తగిలే చోట పడితే కరెంట్ తెగితెగి వస్తుంది. పూత లేని సెల్ వేయగానే ఆ సమస్య పోయింది.

రేసుల్లో దీని విలువ రేసుని బట్టి ఉంటుంది. చిన్న సర్క్యూట్‌లో గుంపుగా చుట్లు తొక్కే క్రిటీరియంలో తెర వైపు చూసే తీరికే ఉండదు, ఇంటికొచ్చాక ఫైల్ చూసుకోవడానికే. స్ప్రింట్ అంకెల్ని అసలు లెక్కలోకి తీసుకోను. పొడవాటి కొండ మీద మాత్రం ప్రాణం. టూర్ ఆఫ్ నీలగిరీస్ సైకిల్ యాత్రలో, ఊటీకి ఎక్కే కల్హట్టి లాంటి నిలువు ఘాట్ మీద అందరూ మొదటి వంపుల్లోనే దూకుతారు. 60 ఆర్‌పీఎం దగ్గర జీరో తప్పు కూడా చిన్నదే కాబట్టి ల్యాప్ సగటుని నమ్మి వెనకబడొచ్చు, పైన వాళ్లే దొరుకుతారు. ఊటీ 2,200 మీటర్ల పైన ఉంది కాబట్టి హైదరాబాద్ ఎఫ్‌టీపీని అక్కడ యథాతథంగా పెట్టుకోకూడదన్నది వేరే లెక్క.

కొనమంటానా? ఒకే బైక్ ఉండి, టార్క్ రెంచ్ ఇంట్లో ఉండి, రోజూ జీరో అంకె రాసుకునే ఓపిక ఉంటే కొనొచ్చు. రెండు బైకుల మధ్య మార్చుకునేవాళ్లకీ, ఎడమ మోకాలికో చీలమండకో పాత దెబ్బ ఉన్నవాళ్లకీ రెండు వైపులా కొలిచే పెడల్స్ మేలు, ధర చాలా ఎక్కువే అయినా. విశాఖ బీచ్ రోడ్డులా చదునుగా, ఎదురుగాలితో, ఎక్కువ కేడెన్స్‌తో తొక్కే చోట్ల ఉండేవాళ్లు జీరో విషయంలో నాకన్నా ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నాకున్నది ఒకటే బైక్, గట్టి రోజులు వారానికి రెండే, ట్రైనర్ తేడా తెలుసు. ఈ సీజన్‌కీ ఇదే ఉంచుతున్నాను. బాటమ్ బ్రాకెట్ మళ్లీ మార్చాల్సి వస్తే ఆ నెల టెస్ట్ పెట్టుకోను.