ఐసొలేటెడ్ ఆర్‌ఎస్‌-485 కన్వర్టర్లు: డబ్బా మీది కిలోవోల్టులు చూసి కొనకండి

కంప్యూటర్ సీరియల్ పోర్టుని, పరికరాలను కలిపే ఆర్‌ఎస్‌-485 డేటా వైర్లకు మార్చేవే ఈ కన్వర్టర్లు. కొన్ని వందలకు దొరికే డాంగిల్ మీదా, కొన్ని వేలు పెట్టి కొనే ప్యానెల్ యూనిట్ మీదా "ఐసొలేటెడ్" అనే ఉంటుంది. వీఎఫ్‌డీలు (మోటారు వేగం మార్చే డ్రైవ్‌లు), ఎనర్జీ మీటర్లు, టెంపరేచర్ కంట్రోలర్లు మోడ్‌బస్ ఆర్‌టీయూ (పరికరాలు మాట్లాడుకునే పద్ధతి) మీద కంప్యూటర్‌కి కలిపే పనిలో ఆ రెండింటికీ తేడా ఎక్కడుందో, ఏది ఎక్కడ పనికొస్తుందో ఇక్కడ చెబుతాను. నా లెక్కలో చూడాల్సినవి మూడే: పవర్ వైపు కూడా ఐసొలేషన్ (రెండు వైపుల మధ్య నేరుగా కరెంటు దారి లేకపోవడం) ఉందా, లైన్ దిశను పంపడం నుంచి వినడానికి ఎలా మారుస్తుంది, బయాస్ (ఎవరూ పంపనప్పుడు లైన్‌ను ఒక స్థితిలో నిలిపే రెసిస్టర్లు) ఎంత గట్టిగా ఉంది. కిలోవోల్టుల అంకె వీటి తర్వాతే.

అసలు ఐసొలేషన్ ఎందుకంటే, ఆర్‌ఎస్‌-485 స్టాండర్డ్ ప్రకారం రిసీవర్ తన గ్రౌండుతో పోల్చి −7 నుంచి +12 వోల్టుల మధ్య ఉన్న లైన్‌నే సరిగ్గా చదవగలదు. రెండు షెడ్లకు వేర్వేరు ఎర్త్‌లు ఉండి, ఒకచోట పెద్ద మోటారు స్టార్ట్ అయినా, వెల్డింగ్ నడిచినా గ్రౌండుల మధ్య తేడా ఆ హద్దు దాటిపోతుంది. ముందు డేటా తప్పులొస్తాయి, ఆ తర్వాత ట్రాన్స్‌సీవర్ (లైన్ మీద పంపే, వినే) చిప్ పోతుంది. చిప్పుతో ఆగక కంప్యూటర్ పోర్టు కూడా పోయిందంటే మధ్యలో ఐసొలేషన్ లేదన్నమాట, లేదా పేరుకే ఉందన్నమాట.

పేరుకే ఉందో లేదో ప్యానెల్లో బిగించకముందే మల్టీమీటర్ చెప్పేస్తుంది. కన్వర్టర్‌కి ఏ వైరూ పెట్టకుండా, ఆర్‌ఎస్‌-232 సాకెట్ 5వ పిన్నుకీ ఆర్‌ఎస్‌-485 గ్రౌండ్ స్క్రూకీ మధ్య కంటిన్యుటీ చూడండి. తర్వాత పవర్ మైనస్‌కీ అదే స్క్రూకీ మధ్య చూడండి. రెండుచోట్లా ఓపెన్ రావాలి. మొదటిది ఓపెన్ వచ్చి రెండో దగ్గర బీప్ కొడితే లోపల సిగ్నల్‌కి ఆప్టోకప్లర్ (వెలుతురుతో సిగ్నల్ దాటించే చిప్) పెట్టి, పవర్‌కి ఐసొలేటెడ్ డీసీ-డీసీ సప్లై పెట్టలేదు. అలాంటిదాన్ని పీఎల్‌సీ (ప్యానెల్ కంట్రోలర్) నడిచే 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) మీదే పెడితే మైనస్ వైరే రెండు గ్రౌండులనూ కలిపేస్తుంది. ఐసొలేషన్‌కి పెట్టిన డబ్బు వృథా.

చవక డాంగిళ్లతో ఎక్కువ ఇబ్బంది దిశ మార్చే దగ్గర వస్తుంది. వాటిలో చాలావాటికి డ్రైవర్ (లైన్‌ను నెట్టే సర్క్యూట్) 0 పంపేటప్పుడే ఆన్ అవుతుంది. 1 పంపాల్సినప్పుడు డ్రైవర్ ఆఫ్ అయి, బయాస్ రెసిస్టర్లే లైన్‌ను పైకి లాగాలి. ఆ రెసిస్టర్లు 4.7 కిలో ఓమ్‌లనుకోండి. రెండు చివర్లా, సిగ్నల్ వెనక్కి తిరగకుండా పెట్టే 120 ఓమ్‌ల టెర్మినేషన్ రెసిస్టర్లు ఉంటే లైన్ మీద మొత్తం 60 ఓమ్‌లు. 5 వోల్టుల మీద లెక్క వేస్తే లైన్‌కి వచ్చేది 32 మిల్లీవోల్టులే. రిసీవర్ కచ్చితంగా గుర్తించాలంటే 200 కావాలి. "టెర్మినేషన్ తీసేశాం, పనిచేసింది" అని సైట్లలో వినపడే మాటకి అసలు కారణం ఇదే.

కానీ తీసేసినంత మాత్రాన అయిపోదు. కేబుల్ కెపాసిటెన్స్ మీటరుకి 50 పికోఫారడ్ల చొప్పున 100 మీటర్ల కేబుల్ అంటే 5 నానోఫారడ్లు. రెండు రెసిస్టర్లూ కలిసి 9.4 కిలో ఓమ్‌లు కాబట్టి టైమ్ కాన్‌స్టెంట్ సుమారు 47 మైక్రోసెకన్లు. 9600 బాడ్‌లో (సెకనుకు 9600 బిట్లు) ఒక బిట్ 104 మైక్రోసెకన్లు ఉంటుంది కనుక గట్టెక్కుతుంది. 38400లో బిట్ 26 మైక్రోసెకన్లే, అక్కడ సీఆర్‌సీ (డేటా సరిచూసే అంకె) ఎర్రర్లు వరుసకట్టి వస్తాయి. కాబట్టి పొడవాటి లైన్‌కి ఇలాంటి కన్వర్టర్ వద్దు. 0ని, 1ని రెండింటినీ డ్రైవర్‌తోనే నెట్టి, ఆఖరి బిట్ అయ్యాక లైన్ వదిలే రకమే కొనండి.

బయాస్‌ను విడిగా పెట్టుకుంటే లైన్ మొత్తానికి ఒకేచోట, ప్లస్‌కి ఒకటి, మైనస్‌కి ఒకటి చాలు. 680 ఓమ్‌లతో 211 మిల్లీవోల్టులు, 560తో 254 వస్తాయి. నేను 560 పెట్టమంటాను, ఎందుకంటే 211కీ 200కీ మధ్య మిగులు లేదు. ఫెయిల్‌సేఫ్ రిసీవర్ చిప్పులు 0 వోల్టులను కూడా 1గానే చదువుతాయి, కానీ లైన్ మీది పాత మీటర్లన్నిటిలో అవే ఉంటాయన్న భరోసా లేదు.

ఎప్పటికీ నడవాల్సిన ప్యానెల్‌కి అడ్వాంటెక్ ఆడమ్‌-4520 మంచి ఎంపిక. 3000 వోల్టుల డీసీ ఐసొలేషన్, 10 నుంచి 30 వోల్టుల పవర్, 115.2 కేబీపీఎస్ దాకా వేగం. దీంట్లో దిశ దానంతటదే మారుతుంది, అయితే బాడ్ రేటు, డేటా ఫార్మాట్ స్విచ్చులు డబ్బా లోపల ఉంటాయి, మూత తీస్తేగానీ కనపడవు. రావడం 9600కీ, 10 బిట్లకీ సెట్ అయి వస్తుంది. మోడ్‌బస్‌లో ఈవెన్ పారిటీ (తప్పు పట్టే అదనపు బిట్) వాడితే స్టార్ట్, 8 డేటా, పారిటీ, స్టాప్ కలిపి 11 బిట్లు కాబట్టి ఆ స్విచ్ మార్చాలి. బాడ్ స్విచ్ తప్పితే లక్షణం ఇంకోలా ఉంటుంది. లైన్ ఎప్పుడు వదలాలో కన్వర్టర్ ఆ స్విచ్‌ను బట్టే లెక్కిస్తుంది కాబట్టి, స్విచ్ 1200 మీద ఉండి లైన్ 9600లో నడిస్తే, ఆఖరి బైట్ వెళ్లిపోయాక కూడా కన్వర్టర్ దాదాపు 7 మిల్లీసెకన్లు లైన్ పట్టుకునే ఉంటుంది. ఎనర్జీ మీటరు 4 మిల్లీసెకన్లకే జవాబు మొదలుపెడితే దాని మొదటి రెండు మూడు బైట్లు చెడిపోతాయి. మాస్టర్‌లో (ప్రశ్నలు పంపే కంప్యూటర్‌లో) "టైమౌట్" అని కనపడితే అందరూ వైరింగ్ మీద పడతారు. ముందు మూత తీసి స్విచ్ చూడండి.

మోక్సా టీసీసీ-80ఐ సంగతి వేరు. ఆర్‌ఎస్‌-232 పోర్టు నుంచే పవర్ లాగుతుంది, 2.5 కిలోవోల్టుల ఐసొలేషన్ ఉంది, జేబులో పడుతుంది. టెస్టింగ్‌కి తీసుకెళ్లడానికి బాగుంటుంది. కాకపోతే 60 ఓమ్‌ల లైన్ మీద 1.5 వోల్టులు నిలబెట్టాలంటేనే 25 మిల్లీఆంపియర్లు కావాలి. ఒక సీరియల్ పోర్టు సిగ్నల్ పిన్నుల నుంచి అంత రాబట్టడం కష్టం, యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ నుంచైతే ఇంకా కష్టం. టెర్మినేషన్ ఉన్న లైన్ మీద దీనికి బయటి పవర్ ఇచ్చే వాడండి. ఎప్పటికీ నడవాల్సిన పనికి నేనైతే పెట్టను.

యూఎస్‌బీ నుంచి నేరుగా రావాలంటే అదే కంపెనీ యూపోర్ట్ 1150ఐ, 2 కిలోవోల్టుల ఐసొలేషన్‌తో, ఆర్‌ఎస్‌-232, 422, 485 మూడూ ఇస్తుంది. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న వేరే కన్వర్టర్ వాడుతుంటే విండోస్‌లో పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లోకి వెళ్లి లేటెన్సీ టైమర్ (వచ్చిన డేటాను కంప్యూటర్‌కి ఇచ్చే ముందు ఆగే సమయం) 16 మిల్లీసెకన్ల నుంచి 1కో 2కో దించండి. ఇరవై ముప్పై ఎనర్జీ మీటర్లను పోల్ చేసేచోట (ఒక్కోదాన్నీ వరుసగా రీడింగ్ అడిగేచోట) ఆ తేడా కంటికి కనపడుతుంది.

డబ్బా మీది 2.5 కిలోవోల్టులు ఒక నిమిషం పాటు పెట్టి చూసిన టెస్ట్ వోల్టేజీ. రోజంతా అంత తేడా మీద నడవగలదని కాదు. పిడుగు సర్జ్ రెండు డేటా వైర్ల మధ్యే వస్తే ఐసొలేషన్ దాన్ని ఆపలేదు. అందుకు ఎస్‌ఎం712 లాంటి టీవీఎస్ (సర్జ్‌ను మింగే డయోడ్) కన్వర్టర్ దగ్గర, ఆరుబయట లాగిన కేబుల్ అయితే ప్యానెల్ గుమ్మంలో సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలి.

వైరింగ్‌లో మూడో వైరు తప్పనిసరి. ఐసొలేటెడ్ వైపు గ్రౌండ్‌ను డేటా వైర్లతోపాటే అన్ని పరికరాల కామన్‌కీ కలపండి, లేకపోతే ఆ వైపు ఎటు తేలుతుందో చెప్పలేం. షీల్డ్ మాత్రం ఒక్క చివరే ఎర్త్ చేయండి. ఐసొలేటెడ్ గ్రౌండ్‌ను ప్యానెల్ ఎర్త్ బార్‌కి బిగిస్తే చేసిన ఐసొలేషన్ మీరే తీసేసినట్టు. బయాస్ కలపకముందు పవర్ ఆపి డేటా వైర్ల మధ్య కొలిస్తే 60 ఓమ్‌ల దగ్గర రావాలి. 120 అంటే ఒక టెర్మినేషన్ లేదు, 40 అంటే మధ్యలో ఎవరో మూడోది పెట్టారు.

ఇక ఏ, బీ గుర్తులు. స్టాండర్డ్‌లో లైన్ ఖాళీగా ఉన్నప్పుడు బీ ఎక్కువ, ఏ తక్కువ. చాలా కంపెనీలు ఏ పక్కనే ప్లస్ రాస్తాయి. అక్షరాలు పట్టించుకోకుండా, పోలింగ్ ఆపి ఒక్కో పరికరం దగ్గర మల్టీమీటర్ పెట్టి ఏది ప్లస్సో కొలిచి, ప్లస్‌ని ప్లస్‌కే బిగించండి.