మెగా మ్యాన్ బ్యాటిల్ నెట్‌వర్క్ 2: రివ్యూలు చెప్పింది సగమే

గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం క్యాప్‌కామ్ తయారుచేసిన ఈ గేమ్ జపాన్‌లో 2001 చివర్లో, అమెరికాలో 2002లో వచ్చింది. దీని గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది మెచ్చుకున్నారు. ఫైట్లు బ్రహ్మాండం అన్నారు, మొదటి భాగం కన్నా మెరుగైందన్నారు. దాంతోపాటే, "కొత్తగా పెద్దగా ఏమీ లేదు, పాతదానికే మెరుగులు దిద్దారు" అన్న మాట కూడా తరచూ వినిపించింది. 2023 ఏప్రిల్‌లో సిరీస్‌లోని పాత గేమ్‌లని కలిపి లెగసీ కలెక్షన్‌గా మళ్లీ విడుదల చేసినప్పుడూ ఆ మాట వదల్లేదు. కలెక్షన్ కొన్నప్పటి నుంచి నేను దీన్ని ఆడుతూనే ఉన్నాను. కథ పూర్తయ్యాక కూడా ఆపలేదు. మెచ్చుకోలుతో నాకు పేచీ లేదు. కొత్తదనం లేదన్న మాటనే ఒప్పుకోలేకపోతున్నాను.

ఆడనివాళ్ల కోసం ఒక్క ముక్కలో చెప్తాను. లాన్ అనే కుర్రాడి దగ్గర పెట్ అనే చేతి పరికరం ఉంటుంది, అందులో మెగా మ్యాన్ అనే నెట్‌నావి, అంటే లాన్ తరఫున నెట్‌లో తిరిగే డిజిటల్ పాత్ర ఉంటాడు. ఇంట్లో వస్తువుల నుంచి విమానం దాకా అన్నీ నెట్‌కి కలిసిన లోకం అది. లాన్ బయట తిరుగుతాడు, మెగా మ్యాన్ లోపలికి వెళ్లి వైరస్‌లతో పోరాడతాడు. పోరాటానికి ఆయుధాలు చిప్స్. 30 చిప్స్‌తో ఒక ఫోల్డర్ తయారుచేసుకోవాలి, అదే మన పేక కట్ట లాంటిది. యుద్ధం మొదలవగానే అందులోంచి 5 చిప్స్ చేతికొస్తాయి. ఒకే పేరున్నవి, లేదా ఒకే అక్షరం కోడ్ ఉన్నవి మాత్రమే కలిపి వాడుకోవచ్చు. ఎంచుకున్నాక ఆట ఆగదు. మన వైపు తొమ్మిది గళ్లు, శత్రువు వైపు తొమ్మిది గళ్లు. కదులుతూ, తప్పించుకుంటూ చిప్స్ వదలాలి. తెర మీద నెమ్మదిగా నిండే గేజ్ అనే పట్టీ నిండాక మళ్లీ చిప్స్ ఎంచుకునే అవకాశం వస్తుంది.

ఇదంతా మొదటి భాగంలోనూ ఉంది, నిజమే. కానీ అందులో ఒక్కో యుద్ధం అయిపోగానే హెచ్‌పీ, అంటే ప్రాణబలం మొత్తం నిండిపోయేది. రెండో భాగంలో నిండదు. చూడటానికి చిన్న మార్పే. దీనివల్ల దారిలో ఎదురయ్యే చిల్లర వైరస్ కూడా లెక్కలోకి వస్తుంది. బాస్ దగ్గరికి 60 హెచ్‌పీతో చేరితే ఎలా అన్న టెన్షన్ మొదలవుతుంది. మొదటి భాగంలో నేను హెచ్‌పీ నింపే రికవరీ చిప్స్‌కి ఫోల్డర్‌లో చోటే ఇవ్వలేదు. ఇందులో అవి లేకుండా బయటికి కదలను. ఒక చిప్ పెట్టామంటే ఇంకో చిప్ తీసేసినట్టే కాబట్టి ఆ ఒక్క మార్పుతో ఫోల్డర్ అంతా కదిలిపోయింది.

రెండోది, ఒకే చిప్ కాపీల పరిమితి. మొదటి భాగంలో ఒకే చిప్ పది దాకా పెట్టుకోవచ్చు. బలమైనది ఒకటి దొరికితే అదే నింపేసి కథ ముగించేయొచ్చు. ఇక్కడ 5కి మించి కుదరదు. దాంతో అక్షరాల మీద దృష్టి పెట్టక తప్పదు. మూడోది స్టార్ కోడ్. ఇది రమ్మీలో జోకర్ లాంటిది, ఏ అక్షరంతోనైనా కలుస్తుంది. నాలుగోది రెగ్యులర్ చిప్. మనం ముందే గుర్తు పెట్టుకున్న ఒక చిప్ ప్రతి యుద్ధంలోనూ మొదటి చేతిలోనే వస్తుంది. దానికి మెమరీ హద్దు ఉంటుంది కాబట్టి బరువైన చిప్‌ని పెట్టాలంటే ఆ మెమరీని పెంచుకుంటూ పోవాలి. ఈ మార్పులన్నీ కలిస్తే అదృష్టం మీద నడిచే ఆట కాస్తా ప్లాన్ మీద నడిచే ఆట అయింది. కొద్ది గంటలు ఆడి రాసే రివ్యూలో ఇది తెలియడం కష్టం. మొదటి సగం అందరికీ ఇచ్చిన ఫోల్డర్‌తోనే గడిచిపోతుంది.

ఒక సందర్భం చెప్తాను. ఏ, బీ, సీ కోడ్‌లున్న మూడు క్యానన్ చిప్స్‌ని ఆ వరుసలోనే ఎంచుకుంటే కలిసిపోయి జీటా క్యానన్ అవుతాయి. ఐదు సెకన్ల పాటు మనకి దెబ్బ తగలదు, బటన్ నొక్కినన్నిసార్లు క్యానన్ పేలుతుంది. చేతిలో ఏ, బీ వచ్చాయి, సీ రాలేదు. మిగిలిన మూడూ పనికిరానివి. ఆ మూడింటినీ ఎంచి యాడ్ నొక్కితే అవి పోతాయి, వచ్చే విడతలో మూడు చిప్స్ అదనంగా వస్తాయి. అప్పటిదాకా చేతిలో మామూలు బస్టర్, అంటే మెగా మ్యాన్ చేతికుండే చిన్న తుపాకి తప్ప ఇంకేం లేదు. ఎదురుగా బాస్. గేజ్ నెమ్మదిగా నిండుతుంటుంది, కళ్లు గళ్ల మీద, మనసు ఆ సీ మీద. వచ్చిందా, ఆ ఐదు సెకన్లలో బాస్ హెచ్‌పీ కరిగిపోవడం చూస్తుంటే కలిగే ఆనందం వేరు. రాలేదా, ఇంకో పది సెకన్లు ఖాళీ చేతులతో తప్పించుకోవాలి. చేతివేగం, ముక్కల లెక్క రెండూ ఒకేసారి అడిగే ఆటలు నాకు ఇప్పటికీ చాలా తక్కువే కనిపించాయి.

స్టైల్ ఛేంజ్ గురించి అందరూ రాశారు, కాబట్టి క్లుప్తంగా. మన ఆడే తీరుని బట్టి మెగా మ్యాన్ గట్స్, కస్టమ్, టీమ్, షీల్డ్ స్టైల్స్‌లో ఒకటిగా మారతాడు. దాంతో నిప్పు, నీరు, కరెంటు, చెట్టు వీటిలో ఒక గుణం కూడా వస్తుంది. నాకు కస్టమ్ నచ్చింది, చేతికి ఎక్కువ చిప్స్ వస్తాయి.

ఇక తప్పులు. విమర్శకులు పట్టుకున్నవాటిలో రెండింటికి నేనూ చెయ్యెత్తుతాను. నెట్ ఏరియాలు ఒకదానికొకటి అచ్చు ఒకేలా ఉంటాయి, మ్యాప్ లేదు. ఎక్కడి నుంచి వచ్చామో, ఎటు వెళ్లాలో తెలియక తిరుగుతుంటే నాలుగడుగులకొకసారి యుద్ధం తగులుతుంది. స్నీక్‌రన్ అనే సబ్‌చిప్ (ఫోల్డర్‌లో పెట్టకుండా యుద్ధాల బయట వాడేది) వాడితే బలహీనమైన వైరస్‌లు కాసేపు తగలవు, నేను ఎప్పుడూ రెండు మూడు దగ్గర ఉంచుకుంటాను. కలెక్షన్‌లో బస్టర్‌ని విపరీతంగా పెంచే మోడ్ ఇచ్చారు. కథ మాత్రమే కావాలనుకునేవాళ్లకి అది సాయపడుతుంది గానీ, దాన్ని ఆన్ చేస్తే ఫోల్డర్‌తో పనే ఉండదు, ఈ ఆటలో అసలు రుచి పోతుంది.

కథని చిన్నపిల్లల కార్టూన్ కథ అని తేలిగ్గా తీసిపారేయడం మాత్రం నాకు బాధగా ఉంది. ఆనకట్ట పేల్చేస్తానని బాంబులు పెట్టినవాడి ఘట్టం, గాల్లో ఎగురుతున్న విమానంలో జరిగే ఘట్టం బిగువుగా నడుస్తాయి. గాస్పెల్ అనే నెట్ మాఫియా వెనక ఉన్నది ఎవరో తెలిసినప్పుడు కోపం రాదు, జాలి కలుగుతుంది. ఎవరన్నది ఇక్కడ చెప్పను.

ఇప్పుడు కొనేవాళ్లకి కలెక్షన్ మొదటి వాల్యూమ్ సరిపోతుంది. స్విచ్, పీఎస్4, స్టీమ్ మూడింటిలోనూ ఉంది, మొదటి మూడు భాగాలూ వస్తాయి, చిప్స్ ఆన్‌లైన్‌లో మార్చుకోవచ్చు. ఓపిక తక్కువైతే మొదటి భాగం వదిలేసి నేరుగా రెండోదే మొదలుపెట్టండి, కథ అర్థం కావడానికి ఇబ్బంది ఉండదు. మొదటి కొన్ని గంటల్లో దొరికే చిప్స్‌ని చిప్ ట్రేడర్ మెషీన్‌లో పారేయకండి. మూడు వేస్తే ఒకటిస్తుంది, కానీ తర్వాత ఏ అక్షరం అవసరమవుతుందో అప్పటికి తెలియదు.