ప్రీ ఆర్డర్ తగ్గింపులో కొన్న ఈ-ఇంక్ ట్యాబ్లెట్: బాగా వాడాక రాస్తున్న సమీక్ష

ఈ రాత ట్యాబ్లెట్‌కి నేను డబ్బు కట్టేనాటికి అది ఇంకా తయారీకే వెళ్లలేదు. ఓ చిన్న కంపెనీది. ధరలో కోత, పైగా పెన్నూ కవరూ ఉచితం.

ముందు వస్తువు సంగతి. కాగితంలా కనిపించే ఈ-ఇంక్ తెర ఇప్పటికీ బంగారం. బొమ్మ మారినప్పుడే కరెంటు తీసుకుంటుంది కాబట్టి ఛార్జర్ అవసరం ఎప్పుడో గానీ రాదు. పెన్ను ఈఎంఆర్ రకం, అంటే ట్యాబ్లెట్టే అయస్కాంత క్షేత్రంతో దానికి శక్తి ఇస్తుంది; పెన్నుకి బ్యాటరీయే లేదు. గరుకు తెర మీద పెన్ను మొన మాత్రం త్వరగా అరుగుతుంది; విడి మొనలు కొనుక్కోవాల్సిందే. అసలు ఇబ్బంది సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. కొత్తలో గీత చేతి వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేది, పేజీ తిప్పితే పాత అక్షరాల నీడ మిగిలేది. అప్‌డేట్లు వచ్చి వచ్చి ఇప్పుడు దారిలో పడింది. ఆ లోపాలు వెతికి పెట్టింది ముందుగా కొన్న మేమే. తగ్గింపులో కొంత ఆ చాకిరీకి కూలి అనుకుంటాను.

మిగతాది మనం ముందే ఇచ్చిన డబ్బుకి వడ్డీ. ప్లాస్టిక్ బాడీకి అచ్చులు పోయించాలంటే మొదటి పీసు రాకముందే పెద్ద మొత్తం పెట్టాలి. తెరలు, చిప్‌లు అమ్మేవాళ్లు చిల్లరగా ఇవ్వరు. అప్పు పుట్టని కంపెనీకి మన అడ్వాన్సే పెట్టుబడి. పెబుల్ అనే స్మార్ట్ వాచీ 2012లో, జనం దగ్గర ముందస్తు డబ్బు పోగేసే కిక్‌స్టార్టర్ సైటు మీద కోటి డాలర్లకు పైగా పోగేసింది ఇలాగే. అనుకున్న గడువు దాటి 2013 జనవరిలో గానీ పంపడం మొదలవలేదు. 2016 చివర్లో కంపెనీయే మూతపడింది. మనం ఇచ్చేది హామీ లేని అప్పు. నా ట్యాబ్లెట్ కూడా చెప్పిన నెలకి రాలేదు.

పెద్ద కంపెనీలకు మన డబ్బుతో అంత అవసరం లేదు, వాళ్లకు కావలసింది లెక్క. ఏ రంగు, ఏ స్టోరేజీ ఎన్ని చేయించాలో ముందే తెలిస్తే గోదాములో సరుకు మురగదు. 2021లో స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పరికరం బుకింగ్‌కి దాని కంపెనీ వాల్వ్ 5 డాలర్లే తీసుకుంది. నిజంగా కొనేవాడెవడో తేల్చుకోవడానికి అది చాలు. వీళ్లు ధర జోలికి పెద్దగా పోరు. ఫోను ముందుగా కొంటే ఇయర్‌బడ్సో, రెట్టింపు స్టోరేజీయో ఇస్తారు. వాటి తయారీ ఖర్చు పెట్టె మీది ధరకన్నా బాగా తక్కువ, పైగా ఫోను విలువ జనం కళ్లలో పడిపోదు. అసలు ముందు కొన్నవాడికే చవక అన్న రూలేమీ లేదు: 2007లో మొదటి ఐఫోన్ 599 డాలర్లకు వచ్చింది, రెండు నెలలు దాటగానే 399 చేశారు. గొడవయ్యాక పాత కొనుగోలుదారులకు 100 డాలర్ల స్టోర్ క్రెడిట్ (యాపిల్ షాపులోనే ఖర్చు పెట్టుకునే మొత్తం) ఇచ్చారు.

నాకు గిట్టుబాటైందా? అయింది. విడుదలయ్యాక చాలాకాలం ఆ ధరకి ఇది దొరకలేదు. అయితే పంపేదాకా ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చన్న షరతు లేకపోయుంటే కొనేవాణ్ణి కాదు.

ఇప్పుడు రెండో మోడల్‌కి ప్రీ ఆర్డర్లు తెరిచారు. పాతవాళ్లకు అదనపు తగ్గింపట. బ్యాటరీ మార్చుకునే వీలుందా అని అడిగాను. జవాబు వచ్చేదాకా కార్డు బయటికి తీయను.