చేపల పులుసుకి షెనిన్ బ్లాంకా, షిరాజా?

గోదావరి పుట్టేది నాసిక్ దగ్గర త్ర్యంబకంలో. అంతర్వేదికి వచ్చేసరికి దాని పాయ ఒకటి సముద్రంలో కలుస్తుంది. ఆ చివర ద్రాక్షతోటలు, ఈ చివర చేపల పులుసు. ఈ రెంటినీ ఒకే పూట కలపాలంటే ఏ వైన్ సీసా తెరవాలన్నది మా ఇంట్లో ప్రతి కనుమకీ వచ్చే గొడవ. మా బావది షిరాజ్ అనే ఎర్ర వైన్ పక్షం, నాది షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్.

రెండూ ఫ్రాన్స్ నుంచి వచ్చిన ద్రాక్ష రకాలే. షెనిన్‌ది లువార్ లోయ, షిరాజ్‌ది రోన్ లోయ. అక్కడ షిరాజ్‌ని సిరా అంటారు. నాసిక్‌లో వానలు తగ్గుముఖం పట్టాక కొమ్మలు కత్తిరిస్తారు, జనవరి నుంచి మార్చి లోపు కోత. పగటి ఎండకి కాయ తీపెక్కుతుంది, చలి రాత్రులకి పులుపు పోకుండా నిలబడుతుంది.

షిరాజ్‌ని తొక్కతో సహా పులియబెడతారు. రంగూ వగరూ అక్కడివే. వాసన చూస్తే నేరేడు పండు, వెనకాల మిరియం. బాగుంటుంది, కాదనను. కానీ వగరుకి కారం తోడైతే మంట ఇంకా పెరుగుతుంది. ఒకసారి గుంటూరు మిరప దండిగా పడ్డ నాటుకోడి పులుసుతో షిరాజ్ పోశాను. రెండో గుక్కకే అందరూ మంచినీళ్ల కోసం లేచారు. బావ మాత్రం తప్పు కోడిదే అన్నాడు. చేపతో ఇంకో చిక్కు: ఎర్ర వైన్ తాగాక నోట్లో తుప్పు రుచి మిగిలే ప్రమాదం ఉంది.

షెనిన్ దగ్గర ఆ బాధ లేదు, వగరు నామమాత్రం. పైగా నాసిక్ షెనిన్‌లలో చాలావాటికి కాస్త తీపి మిగులుతుంది. పులుసులో చిన్న బెల్లం ముక్క వేస్తే కారం ఎలా సర్దుకుంటుందో, ఆ తీపీ అదే పని చేస్తుంది. చింతపండు ముందు పులుపు తక్కువున్న వైన్ ఏదైనా చప్పగా నీళ్లలా అనిపిస్తుంది, షెనిన్ తట్టుకుంటుంది. సీసా మీద 'డ్రై' అని ఉంటే మాత్రం తీపి దాదాపు ఉండదు, చూసి కొనండి.

గోంగూర మాంసం దగ్గర బావ అస్సలు తగ్గడు, వేట మాంసానికి షిరాజే అంటాడు. మాంసం వరకూ నిజమే, కొవ్వు తగిలితే వగరు మెత్తబడుతుంది. అందుకే కబాబులకీ, హలీంకీ, మిరియాలేసిన వేపుడుకీ నేనూ షిరాజే పోస్తాను. గోంగూర పులుపు సంగతి వేరు, అక్కడ నా ఓటు షెనిన్‌కే. బిర్యానీ అయితే పక్కన ఏముందో చూడాలి. సాలన్‌లో చింతపండు ఉంటుంది కాబట్టి దానితో షెనిన్, ఉత్త బిర్యానీకి షిరాజ్.

ఎర్ర వైన్‌ని గది వేడిలోనే ఇవ్వాలంటారు. అది యూరప్ గది, 16–18 డిగ్రీలు. బెజవాడ ఎండల్లో షిరాజ్‌ని కూడా ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. షెనిన్‌ని బాగా చల్లగా తాగాలి. తెరిచాక రెండింటికీ మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఢోకా లేదు.

ఒక్క సీసానే కొనేట్టయితే మన తిండికి షెనిన్ కొనండి. వచ్చే కనుమకీ షిరాజే తెస్తానని బావ ఇప్పుడే ఫోన్ చేశాడు. తెమ్మన్నాను. పులుసు కంటే ముందు కబాబులు పెట్టిస్తున్నాను.