తావ్ నాన్ బడిని వెతుక్కుంటూ సింగపూర్‌లో: 136 డాలర్ల మోసం, 13 డాలర్ల భోజనం

సింగపూర్‌లో మనిషికి 68 డాలర్లు పుచ్చుకుని ‘చైనా బడుల చరిత్ర నడక’ పేరుతో యాత్రికులను తిప్పే ఒక సంస్థ ఉంది. పేరు రాయను. ప్రకటనలో తావ్ నాన్ అనే వందేళ్లు దాటిన చైనీస్ బడి పాత భవనం ఫొటో, దాని కింద ‘మూడు గంటలు, నిపుణుడైన గైడు’ అన్న మాటలు కనిపిస్తే మాత్రం డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ఇద్దరికి 136 డాలర్లు, అంటే మన తొమ్మిది వేల రూపాయలకు పైనే, నీళ్లపాలు చేసుకుని రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఏ ఊరు వెళ్లినా అక్కడి పాత బడి ఒకటి చూడందే నాకు తోచదు. మా ఆవిడకు ఆ అలవాటంటే చిరాకు. ‘‘ముప్పై ఏళ్లు బడిలోనే ఉన్నారు కదండీ, ఇంకా తనివి తీరలేదా?’’ అంటుంది. మా బావమరిది ఉద్యోగరీత్యా సింగపూర్‌లోనే ఉంటాడు కాబట్టి వెళ్లాం. సెంతోసా, గాజుగోపురాల పూలతోటలు, రాత్రి జంతుప్రదర్శనశాల అందరికీ ఎలా గడుస్తాయో మాకూ అలాగే గడిచాయి.

బావమరిది ఇల్లు చిన్నది కావడంతో లిటిల్ ఇండియాలో ఒక లాడ్జిలో దిగాం. రాత్రికి 118 డాలర్లు. గదికి కిటికీ ఉందని రాశారు. ఉంది, తెర తీస్తే చెయ్యి చాచేంత దూరంలో పక్క భవనం గోడ. ఖాళీ చేసిన రోజు సామాను సాయంత్రం దాకా ఉంచినందుకు పెట్టెకు 8 డాలర్ల చొప్పున వసూలు చేశారు. అడిగితే ‘నియమం’ అన్నారు, ఆ నియమం ఎక్కడ రాసి ఉందో చూపించలేదు. మెట్రో దగ్గర, పొద్దున్నే ఇడ్లీ దొరుకుతుంది, ఆ రెండింటి కోసమే ఓర్చుకున్నాం. ఎవరైనా దిగేటట్లయితే కిటికీ ఎటు తెరుచుకుంటుందో ముందే అడిగి రాయించుకోండి.

ఇక ఆ నడక సంగతి. తొమ్మిదిన్నరకు ఆర్మేనియన్ వీధిలో కలుద్దామన్నారు. గైడు పదీ అయిదుకు వచ్చాడు. తెల్లటి మూడంతస్తుల భవనం ముందు నిలబెట్టి, ‘‘ఇది ఒక చక్కెర వ్యాపారి ఇల్లు, తర్వాత బడిగా మార్చారు’’ అన్నాడు. అక్కడే నాకు ఒళ్లు మండింది. ఆ భవనం ఎవరి ఇల్లూ కాదు, బడి కోసమే కట్టారు. చక్కెర వ్యాపారి సంబంధం ఏమిటంటే, జావా ద్వీపానికి చెందిన ఓయ్ తియోంగ్ హామ్ అనే చక్కెర కుబేరుడు స్థలం కొనడానికి పదివేల డాలర్లు విరాళం ఇచ్చాడు. భవనం 1912లో పూర్తయింది. అదే మాట గైడుతో అంటే, ‘‘మీకు తెలిసిందే కదా సార్, ఇక పదండి’’ అని నవ్వాడు. పది నిమిషాలు వీధిలోనే నిలబెట్టి, లోపలికి వెళ్లడం టికెట్టులో భాగం కాదని చెప్పి, ఒక టీ పొడి దుకాణానికి తీసుకెళ్లాడు. ‘రుచి చూడటం’ పేరుతో గంటసేపు కూర్చోబెట్టారు. 50 గ్రాముల డబ్బా 42 డాలర్లు. మాతో వచ్చిన ఆస్ట్రేలియా దంపతులు మొహమాటానికి రెండు కొన్నారు. అక్కడి నుంచి ఎండబెట్టిన మాంసం అమ్మే దుకాణానికి. శాకాహారి అయిన మా ఆవిడ ఆ వాసనకు ముక్కు మూసుకుని బయట ఎండలో నిలబడింది. మూడు గంటల నడకలో బడి గురించి వినిపించింది, తప్పులతో కలిపి, పావుగంట. ఫిర్యాదు రాస్తే మరో నడకకు పనికొచ్చే పది డాలర్ల కూపను పంపారు.

ఆ మధ్యాహ్నం నుంచి ఆవిడ నాతో మాట్లాడలేదు. నేను మళ్లీ ఆ భవనం దగ్గరికే వెళ్లానని తెలిశాక రాత్రి భోజనం దగ్గర కూడా మాట్లాడలేదు.

గైడు చెప్పాల్సింది ఇది. చైనాలో వెయ్యేళ్లకు పైగా నడిచిన రాజోద్యోగ పరీక్షలు 1905లో రద్దయ్యాయి. కన్ఫ్యూషియస్ గ్రంథాలు వల్లె వేయించే పాత చదువుకు దాంతో గిరాకీ పడిపోయింది. లెక్కలు, భూగోళం, విజ్ఞానశాస్త్రం చెప్పే కొత్తరకం బడుల గాలి సముద్రం దాటి సింగపూర్‌కూ వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం చైనావాళ్ల చదువును పెద్దగా పట్టించుకోలేదు. ఖర్చు ఎవరి కులసంఘం, ఎవరి ప్రాంతసంఘం వాళ్లు భరించుకోవలసిందే. ఆగ్నేయ చైనాలోని ఫుజియన్ రాష్ట్రం నుంచి వచ్చిన, హొక్కియెన్ మాండలికం మాట్లాడే వ్యాపారులు 1906లో నార్త్ బ్రిడ్జ్ రోడ్డులోని సయామ్ హౌస్ అనే భవంతిలో తావ్ నాన్‌ను మొదలుపెట్టారు. అప్పట్లో అది హొక్కియెన్ పిల్లల బడి, పాఠాలూ హొక్కియెన్‌లోనే. 1909లో ఇతర మాండలికాల పిల్లలనూ చేర్చుకున్నారు. 1911లో టాన్ కా కీ బడి పాలకవర్గ అధ్యక్షుడయ్యాడు. రబ్బరు తోటల్లో కోట్లు గడించి, ఆ కోట్లను బడులకే పోసిన మనిషి. సింగపూర్‌లో చైనీస్ హైస్కూలు, చైనాలో షియామెన్ విశ్వవిద్యాలయం ఆయన స్థాపించినవే. ఇప్పుడు డౌన్‌టౌన్ మార్గంలో ఒక మెట్రో స్టేషను ఆయన పేరు మీదే ఉంది.

నన్ను నిలబెట్టేసిన సంగతి 1916 నాటిది. ఆ ఏడు తావ్ నాన్ హొక్కియెన్‌ను వదిలి మాండరిన్‌లో బోధన మొదలుపెట్టింది. అంటే పిల్లలు ఇంట్లో, బజారులో, గుడిలో వినే భాష బడిలో పోయింది. బీజింగ్ వైపు ప్రమాణంగా ఎంచిన, ఆ పిల్లల తల్లులకు రాని భాష వచ్చింది. హొక్కియెన్, కాంటొనీస్, తియోచ్యూ అని విడివిడిగా బతుకుతున్నవాళ్లు ‘మనమందరం చైనీయులం’ అనుకోవడానికి ఆ బడులే పునాది వేశాయి. అందుకు ఇంటి భాషను ఖర్చుపెట్టాయి. ‘చైనా వారసత్వ బడి’ అని ఇవాళ ముచ్చటగా చెప్పుకునేవాళ్లు ఆ ఖర్చును లెక్కలో చూపరు. భాష మారాల్సిన అవసరం లేదని నేను అనను. లెక్క మాత్రం పూర్తిగా చెప్పాలంటాను.

1942 నుంచి 1945 దాకా జపాన్ ఆక్రమణలో బడి మూతపడి, మళ్లీ తెరుచుకుంది. తర్వాతి దెబ్బ ఎవరూ తుపాకీ పట్టకుండానే తగిలింది. ఇంగ్లీషు చదివితే ఉద్యోగం దొరుకుతుందని తల్లిదండ్రులు అటు నడిచారు. 1978 నాటికి చైనీస్ మాధ్యమంలో ఒకటో తరగతిలో చేరేవాళ్లు వందకు పదకొండు మందే. నగరం నడిబొడ్డున పిల్లలు తగ్గిపోయి, 1982లో తావ్ నాన్ తూర్పున మెరీన్ పరేడ్ వైపు తరలిపోయింది. 1987కల్లా దేశంలోని బడులన్నీ ఇంగ్లీషు మాధ్యమానికి వచ్చాయి. చైనీస్ బడుల వాతావరణం పూర్తిగా ఆరిపోకూడదని ప్రభుత్వం 1979లో తొమ్మిది ఉన్నత పాఠశాలలకు ప్రత్యేక సహాయ హోదా ఇచ్చింది. ప్రాథమిక పాఠశాల అయిన తావ్ నాన్‌కు 1990లో ఆ హోదా దక్కింది. పాఠాలు ఇంగ్లీషులో, చైనీస్ మాత్రం మామూలు బడుల కన్నా గట్టిగా.

ఖాళీ అయిన పాత భవనం 1997లో మ్యూజియంగా తెరుచుకుంది. 1998లో జాతీయ స్మారకమైంది. 2008 నుంచి అది పెరనాకన్ మ్యూజియం, అంటే బయటి నుంచి వచ్చిన వ్యాపారులు స్థానిక స్త్రీలను పెళ్లాడగా ఏర్పడిన మిశ్రమ సమాజాల మ్యూజియం. మరమ్మతుల తర్వాత 2023లో మళ్లీ తెరిచారు. స్థానిక పౌరులకు ఉచితం, మనకు టికెట్టు. లోపల పూసల పని, బాటిక్ బట్టలు, నగలు, పింగాణీ. మలక్కా చెట్టి సమాజం ప్రస్తావన కూడా ఉంది. మలేసియాలోని మలక్కాలో తమిళ వ్యాపారులు అక్కడి స్త్రీలను పెళ్లాడి స్థిరపడగా ఏర్పడిన సమాజం అది. బాగుంది, కాదనను. కానీ బడి కోసం వెళ్లినవాడికి అక్కడ మిగిలింది గోడలు, నడిమి హాలు, దాని చుట్టూ పై అంతస్తుల వరండాలు. ఏ గదిలో ఏ తరగతి నడిచి ఉంటుందో మనమే ఊహించుకోవాలి. నేను గంటన్నర ఊహించుకున్నాను, కావలిమనిషి రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు.

అసలు తృప్తి మర్నాడు తెలోక్ ఆయర్ వీధిలో దొరికింది, అదీ ఒక్క డాలరు ఖర్చు లేకుండా. మా ఆవిడ గుడి అంటేనే వచ్చింది, బడి అని చెప్పలేదు. థియాన్ హాక్ కెంగ్ గుడి 1839లో మొదలై 1842లో పూర్తయింది. సముద్రం మీద ప్రాణాలతో చేరినందుకు మజు అనే సముద్ర దేవతకు హొక్కియెన్ వాళ్లు కట్టుకున్నది. ఆ రోజుల్లో అలలు ఈ వీధి దాకా వచ్చేవి. తర్వాత సముద్రాన్ని పూడ్చుకుంటూ పోయారు. తావ్ నాన్‌ను నడిపే హొక్కియెన్ సంఘం ఈ గుడిలోనే పుట్టింది, దాని కార్యాలయం ఇప్పటికీ ఎదురుగానే ఉంది. గుడి పక్కనే చోంగ్ వెన్ గే అనే చిన్న గోపురం. 1849లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశారు. అక్షరాన్ని గౌరవించడానికి కట్టిన చోటు. 1915లో అక్కడే చోంగ్ హాక్ బాలికల బడి మొదలైంది. ఆడపిల్లల చదువుకు సంఘం డబ్బు పెట్టడం ఆ కాలానికి చిన్న విషయం కాదు. 1949లో మగపిల్లలనూ చేర్చుకుంది, 1985లో ఉత్తరాన యిషున్‌కు వెళ్లిపోయింది, ఇప్పుడు దాన్ని చోంగ్‌ఫు అంటారు. అదే వరుసలో నాగూరు దర్గా కూడా ఉంది. మన కోరమండల్ తీరం నుంచి వెళ్లిన ముస్లింలు 1830 ప్రాంతంలో కట్టినది. దాని ముందు మా ఆవిడ ఆగి, ‘‘నిన్నటివాడు ఇక్కడికి తీసుకురాలేదేమండీ?’’ అంది. ఆ ఒక్క ప్రశ్నతో మా మధ్య మౌనం తీరింది.

పక్కనే అమోయ్ వీధిలో భోజనశాల ఉంది. 1854లో టాన్ కిమ్ సెంగ్ అనే వ్యాపారి హొక్కియెన్ పిల్లల కోసం ఉచిత పాఠశాల పెట్టించింది కూడా ఆ వీధిలోనే. శాకాహారం దొరకదని బిస్కెట్లు కట్టుకుని వచ్చాం. ఒక అంగడిలో ‘లే చా’ అనే అన్నం కనబడింది, హక్కా అనే మరో చైనీయ వర్గం వాళ్ల వంటకం. అన్నం మీద సన్నగా తరిగిన నాలుగైదు రకాల ఆకుకూరలు, వేరుశెనగలు, టోఫు, ఊరబెట్టిన ముల్లంగి, పక్కన టీ ఆకు, తులసి జాతి ఆకులు, నువ్వులు కలిపి నూరి వేడినీళ్లు పోసిన పచ్చటి రసం. చిన్న ఎండుచేపలు చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి. అమ్మే ముసలావిడ మా వాలకం చూసి తనే అడిగింది. గిన్నె ఆరున్నర డాలర్లు. మా ఆవిడ ఆ రసాన్ని చూసి ‘‘గోరింటాకు రుబ్బినట్టుంది’’ అని మొహం పెట్టి, ఒక ముద్ద తిని, తర్వాత నా గిన్నెలో సగం కూడా లాగేసుకుంది. ఇద్దరికీ 13 డాలర్లు. సింగపూర్‌లో మేం తిన్నవాటిలో మొదటి స్థానం దీనిదే. ఒంటిగంట దాటితే కుర్చీ దొరకదు, పదకొండున్నరకే వెళ్లండి.

ఆదివారం బావమరిది తన కారులో మెరీన్ క్రెసెంట్‌లోని ఇప్పటి తావ్ నాన్ చూపించాడు. లోపలికి ఎవరినీ పోనివ్వరు, పోనివ్వకూడదు కూడా. గేటు బయటి నుంచి చూసి రావడమే. ‘‘బావగారూ, ఈ బడికి కిలోమీటరు లోపల ఇల్లు ఉంటే ప్రవేశాల్లో ముందు వరస. హొక్కియెన్ సంఘం సభ్యులకు వేరే దశ. ఇంత ఉన్నా చివరికి చీటీలు తీస్తారు’’ అన్నాడు. మీ అమ్మాయిని ప్రయత్నించలేదా అంటే నవ్వాడు. అక్కడ చేరిన పిల్లలు మాతృభాషగా చైనీస్ చదవాలి, అందుకని మిగతావాళ్లు అటు దాదాపుగా వెళ్లరు. మా మేనకోడలు వేరే బడిలో నాలుగో తరగతి. మాతృభాషగా ఆమె చదివేది హిందీ. తమిళం కాక సింగపూర్ బడులు ఒప్పుకునే భారతీయ భాషలు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. తెలుగు లేదు. 1975 నుంచీ అక్కడ తెలుగు సమాజం ఉంది, ఉగాదులు జరుపుతుంది, బడి మార్కుల జాబితాలో మాత్రం మన భాషకు గడి లేదు. ‘‘మామయ్యా, నాకు హిందీలో ఎనభై ఆరు వచ్చాయి’’ అని ఆ పిల్ల కారు వెనక సీటులోంచి తెలుగులోనే చెప్పింది. మా బావమరిదికి ఇందులో బాధేమీ లేదు, సీటు దొరికింది చాలంటాడు. నాకుంది. 1916లో హొక్కియెన్ తల్లిదండ్రులు కనీసం తమ సంఘం కూర్చుని తీసుకున్న నిర్ణయానికి తలవంచారు. ఇక్కడ మనవాళ్లను అడిగినవారే లేరు. ఈ మాట మీద ఇంటికెళ్లేదాకా వాదించుకున్నాం, ఎవరూ ఒప్పుకోలేదు.

వెళ్లదలచినవారికి నా సలహా. గైడుకు డబ్బు పొయ్యకండి. పొద్దున తొమ్మిదికల్లా తెలోక్ ఆయర్ స్టేషన్‌లో దిగి గుడి, గోపురం, దర్గా చూసి, లే చా తిని, ఎండ ముదిరాక ఆర్మేనియన్ వీధి మ్యూజియంలోకి వెళ్లండి, లోపల చల్లగా ఉంటుంది. దానికి బ్రాస్ బసా స్టేషను దగ్గర. మెరీన్ క్రెసెంట్ దాకా కేవలం బడి కోసం అయితే వద్దు. థామ్సన్-ఈస్ట్ కోస్ట్ మెట్రో 2024 జూన్ నుంచి అటు నడుస్తోంది కాబట్టి, ఈస్ట్ కోస్ట్ పార్కులో సాయంత్రం గడిపే ఆలోచన ఉంటేనే, దారిలో ఒకసారి గేటు ముందు ఆగి వెళ్లండి.